పతాక మర్యాద

మహాభారతం విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణ ఘట్టం తెలుగువారికి సుపరిచితమైనది. ఎదుట కౌరవసేన సముద్రంలా నిలిచి ఉంది. ఎవరు ఏ వీరుడో ఉత్తరునికి తెలియదు. అప్పుడు అర్జునుడు రథాలపై ఎగిరే కేతనాలను చూపి ఒక్కొక్కరిని పరిచయం చేస్తాడు. వేదిక గుర్తు గలది ద్రోణుని రథం. శంఖం గుర్తు గలది కర్ణునిది. సర్పకేతనం దుర్యోధనునిది. తాటిచెట్టు గుర్తుతో ఎత్తుగా కనిపించేది భీష్మునిది. ముఖాలు కనిపించనంత దూరంలో కూడ మనిషిని పట్టి ఇచ్చేది అతని పతాకమే. తిక్కన ఈ పరిచయాన్ని అద్భుతంగా తెనిగించాడు.

ఆ కేతనాలన్నీ ఒక్కొక్క వీరునికి చెందినవి. ఒకరి గుర్తు మరొకరికి చెల్లదు. యజమాని పడిపోతే అతని పతాకమూ పడిపోతుంది. ప్రజాస్వామ్య దేశంలోని జాతీయ పతాకం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అది ఏ ఒక్కరిదీ కాదు. ఎవరిదీ కాని వస్తువును కాపాడటం కష్టం. అందరిదీ అయిన వస్తువును కాపాడటం మరీ కష్టం. పతాకానికి ఇన్ని నియమాలు ఎందుకు ఏర్పడ్డాయో తెలుసుకోవడానికి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కామారెడ్డి జిల్లాలోని బిచ్కుంద మండల కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. అది మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువలో ఉన్న ఊరు. ఆ ప్రాంతపు సంతలలో తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ మాటలు కలిసి వినిపిస్తాయి. నిజాం పాలనలో ఆ ప్రాంతంపై పసుపుపచ్చని ఆసఫ్‌జాహీ పతాకం ఎగిరేది. అప్పట్లో బిచ్కుంద నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలో ఒక భాగం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు దెగ్లూరు తాలూకా మహారాష్ట్ర వైపు వెళ్లిపోగా, బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు మాత్రం విడివడి ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఆ విధంగా బిచ్కుంద నిజామాబాదు జిల్లాలోని ఊరైంది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అవతరించింది. ఊరు ఉన్నచోటనే ఉంది. కార్యాలయాల నామఫలకాలపై రాష్ట్రం పేరు మారింది, జిల్లా పేరు మారింది. 1950 జనవరి 26న హైదరాబాదు భారత గణతంత్రంలో ఒక రాష్ట్రమైన నాటి నుంచి మారనిది ఆ నామఫలకాల పైన ఎగిరే మూడు రంగుల జెండా ఒక్కటే.

ఆ జెండా ఆ భవనాలపైకి సులభంగా రాలేదు. దాని రూపకల్పనకు పునాది వేసినవారు కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్య. దేశానికి ఒక పతాకం ఉండాలని వాదిస్తూ ఆయన 1916లోనే ఒక గ్రంథం ప్రచురించారు. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెసు సమావేశాల సందర్భంగా తన నమూనాను గాంధీజీకి అందించారు. గాంధీజీ సూచన మేరకు అందులో తెలుపు రంగు చేరింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ త్రివర్ణ పతాకాన్ని ఆమోదించినప్పుడు రాట్నం స్థానంలో ఇరవై నాలుగు ఆకుల అశోకచక్రం వచ్చింది.

రూపకల్పన ఒక ఎత్తు, దానిని కూడలిలో నిలబెట్టడం మరొక ఎత్తు. 1930లో ఉప్పు సత్యాగ్రహ కాలంలో మచిలీపట్నం కోనేరు సెంటరులో జెండా ఎగురవేయబోయిన తోట నరసయ్యనాయుడును పోలీసులు స్పృహ తప్పేవరకు లాఠీలతో కొట్టారు. ఆ కూడలి నేటికీ ఆ ఘటనతోనే గుర్తుకు వస్తుంది. 1947 ఆగస్టు 15న దేశమంతటా స్వాతంత్ర్య సంబరాలు జరుగుతుండగా హైదరాబాదు సంస్థానంలో త్రివర్ణ పతాకం ఎగురవేయడం నేరమైంది. ఆనాడు నగరంలో జెండా ఎగురవేసిన స్వామి రామానందతీర్థను ప్రభుత్వం నిర్బంధించింది. అదే సంవత్సరం సెప్టెంబరు 2న వరంగల్లు ప్రాంతంలోని పరకాలలో జెండా ఎగురవేయడానికి కదలివచ్చిన జనంపై నిజాం బలగాలు కాల్పులు జరిపాయి. పలువురు ప్రాణాలు కోల్పోయారు. నేడు ఏ పాఠశాలలోనైనా పదేళ్ల పిల్లవాడు భయం లేకుండా తాడు లాగే పని, ఒకప్పుడు ప్రాణం మీదికి తెచ్చిన పని.

స్వాతంత్ర్యానంతరం మరొక విచిత్రం జరిగింది. జెండా గౌరవం తగ్గకూడదనే ఉద్దేశంతో ప్రభుత్వం దాని వాడకాన్ని కట్టుదిట్టం చేసింది. కొన్ని జాతీయ పర్వదినాలలో తప్ప సామాన్య పౌరుడు తన ఇంటిపై జెండా ఎగురవేయడానికి వీలు లేకపోయింది. 2002 జనవరి 26 నుంచి భారత పతాక నియమావళి అమలులోకి వచ్చి ఈ పరిమితిని తొలగించింది. నవీన్ జిందాల్ వ్యాజ్యంలో 2004 జనవరి 23న సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెబుతూ, గౌరవంతో జాతీయ పతాకాన్ని ఎగురవేయడం రాజ్యాంగంలోని 19వ అధికరణం కింద పౌరునికి లభించే భావప్రకటన స్వేచ్ఛలో భాగమని స్పష్టం చేసింది. అయితే ఆ హక్కు నియమాలకు లోబడినదే.

ఆ నియమాలను పరిశీలిస్తే ప్రతి ఒక్కదాని వెనుక ఒక అర్థం కనిపిస్తుంది. పతాకం పొడవు వెడల్పులు మూడుకు రెండు నిష్పత్తిలో ఉండాలి. కాషాయం రంగు పైకి ఉండాలి. ఎగురవేసేటప్పుడు చురుకుగా పైకి లాగాలి. దించేటప్పుడు నెమ్మదిగా, గంభీరంగా దించాలి. జెండా నేలను తాకకూడదు. దానిపై అక్షరాలు రాయకూడదు. తోరణంగానో అలంకరణ వస్త్రంగానో వాడకూడదు. ఆవిష్కరణకు ముందు దాని మడతలో పూలరేకులు ఉంచడానికి మాత్రం అనుమతి ఉంది. జాతీయ సంతాప సమయంలో పతాకాన్ని అవనతం చేయదలిస్తే, మొదట శిఖరం వరకు ఎగురవేసి, ఆ తరువాతే సగానికి దించాలి. సాయంత్రం పూర్తిగా దించే ముందు మళ్లీ శిఖరానికి చేర్చాలి. దుఃఖంలో తల వంచవలసి వచ్చినా ముందు తల ఎత్తి నిలవాలని ఈ నియమం చెబుతున్నది.

ప్రభుత్వ భవనాల విషయంలో నియమావళి మరింత నిర్దిష్టంగా ఉంది. ఉన్నత న్యాయస్థానాలు, సచివాలయాలు, కలెక్టరు కార్యాలయాలు, కారాగారాలు, పురపాలక సంఘాలు, జిల్లా పరిషత్తుల వంటి ముఖ్య కార్యాలయాలపైనే సాధారణంగా పతాకం నిత్యం ఎగరాలి. ఎగిరే ఆచారం ఉన్నచోట ఆదివారమైనా, సెలవుదినమైనా, ఎండైనా, వానైనా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు ఎగరవలసిందే. అధికారి సెలవుపై వెళ్లవచ్చు, పతాకానికి సెలవు లేదు. ఆ కార్యాలయం జిల్లా అంతటిలో చిన్న ఉద్యోగి ఒకరు ప్రతి ఉదయం తాడు లాగి, ప్రతి సాయంత్రం దించి, మడతపెట్టి బీరువాలో ఉంచుతాడు. ఆయన పేరు ఏ శిలాఫలకంపైనా కనిపించదు. పతాక గౌరవాన్ని ఏడాది పొడవునా నిలబెడుతున్నది ఆ చేతులే.

కూడళ్ల సంగతి వేరు. కూడలికి కాపలాదారు ఉండడు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కులో 2016 జూన్ 2న 291 అడుగుల స్తంభంపై భారీ పతాకాన్ని ఆవిష్కరించారు. ఆ వస్త్రం పొడవు 108 అడుగులు, వెడల్పు 72 అడుగులు. సాగరం మీద వీచే గాలికి అంత పెద్ద వస్త్రం త్వరత్వరగా చిరిగిపోవడం, దానిని దించి మరొకటి కట్టవలసి రావడం నగరవాసులు చూశారు. చిరిగిన, వెలిసిన పతాకాన్ని ఎగురవేయరాదన్నది నియమం. కనుక స్తంభం ఎంత ఎత్తుగా ఉంటే బాధ్యత అంత బరువుగా ఉంటుంది. 2022 జులైలో చేసిన సవరణతో బహిరంగ ప్రదేశంలోనూ, పౌరుల ఇళ్లపైనా రాత్రింబవళ్లు జెండా ఎగరడానికి అనుమతి లభించింది. 2021 డిసెంబరులో చేసిన సవరణ చేనేత ఖాదీతో పాటు యంత్రంపై నేసిన వస్త్రానికీ, పాలియెస్టరుకూ చోటిచ్చింది. సౌలభ్యం పెరిగింది. దానితో పాటు జెండాను కట్టి మరచిపోయే అవకాశమూ పెరిగింది.

పల్లెల కూడళ్లలో మరొక దృశ్యం కనిపిస్తుంది. రకరకాల పార్టీల, సంఘాల జెండా గద్దెలు అక్కడ ఒకదాని పక్కన ఒకటి వెలుస్తాయి. ఎవరి గద్దె ఎత్తుగా ఉండాలన్న పంతాలూ వస్తాయి. జాతీయ పతాకం ఎగురుతున్నప్పుడు దానికంటె ఎత్తుగా గాని, దానికి సరిసమానంగా పక్కన గాని మరొక జెండా ఉండకూడదని నియమావళి నిర్దేశిస్తున్నది. ఇది వట్టి ఎత్తుల లెక్క కాదు. మనుషులు ఎన్ని వర్గాలుగా చీలినా, వారందరూ కలిసి నిలబడగల చోటు ఒకటి మిగిలి ఉండాలన్నది దాని సారాంశం.

ఏ నియమావళీ పట్టుకోలేని ఉల్లంఘన ఒకటి ఉంది. పంచాయతీ కార్యాలయం ముందు సర్పంచి జెండా ఎగురవేయడం ఆనవాయితీ. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చిన తరువాత మహిళలకు, దళితులకు, గిరిజనులకు ఆ పదవులలో స్థానాలు ప్రత్యేకించారు. తెలంగాణలో పంచాయతీ స్థానాలలో సగం మహిళలవే. అయినా కొన్నిచోట్ల సర్పంచి పక్కన నిలబడి ఉండగా ఆమె భర్త తాడు లాగుతాడు. మరికొన్నిచోట్ల దళిత సర్పంచి చేతికి తాడు అందడానికి ఊరి పెద్దల అనుమతి కావలసి వస్తుంది. అప్పుడు వస్త్రం కొలతలు సరిగ్గానే ఉంటాయి. కాషాయం పైననే ఉంటుంది. జెండా నేలను తాకదు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం ప్రకారం శిక్షించదగిన నేరమేదీ అక్కడ కనిపించదు. కాని పరకాలలో, కోనేరు సెంటరులో మనుషులు దెబ్బలు తిన్నది ఏ హక్కు కోసమో, ఆ హక్కే ఆమె చేతిలో నుంచి జారిపోతుంది. పతాకానికి జరిగే అవమానాలలో ఇంతకంటె పెద్దది లేదు.

స్వాతంత్ర్య దినోత్సవం ఆగస్టు పదిహేనున జరుగుతుంది. ఆ మరునాడు వీధులలో చూస్తే కాగితపు జెండాలు బురదలో, మురుగు కాలువల అంచున, బస్సు చక్రాల కింద కనిపిస్తాయి. కాగితపు జెండాలను వేడుక ముగిశాక నేలపై పారవేయరాదని, ఏకాంతంగా గౌరవపూర్వకంగా విసర్జించాలని నియమావళి చెబుతున్నది. పాడైపోయిన వస్త్రపతాకాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా, ప్రాధాన్యంగా దహనం ద్వారా, మర్యాదతో అంతం చేయాలి. పెద్దల పార్థివదేహం పట్ల మనం పాటించే మర్యాదకు ఇది దగ్గరగా ఉంది. పతాకాన్ని గౌరవించడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది. ఆ విధిని నెరవేర్చడానికి అధికారం అవసరం లేదు, ఎత్తైన స్తంభం అవసరం లేదు. బిచ్కుంద వీధిలో గాని, మరే ఊరి వీధిలో గాని ఆగస్టు పదహారు ఉదయాన కళాశాలకు వెళ్లే విద్యార్థి ఒక్క క్షణం ఆగి, వంగి, కాలికింద పడబోతున్న కాగితపు జెండాను తీసి దుమ్ము దులిపితే చాలు. ఆ విధి నెరవేరినట్లే.