కేన్సర్ కాదన్న తర్వాత

గడివేముల వైపు నుంచి నంద్యాలకు నా దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు బిడ్డ కంటి దగ్గర గడ్డ చూపించి మొదట అడిగేది ఒకటే: "కేన్సరా సార్?" కాదనగానే చాలామంది చీటీ కూడా తీసుకోకుండా లేస్తారు. నా దిగులు అక్కడ మొదలవుతుంది.

పసిపిల్లల కంటిగూటి గడ్డల్లో ఎక్కువ భాగం ప్రాణం మీదికి తెచ్చేవి కావు. కనుబొమ బయటి చివర రేగిపండంత, నొప్పి లేకుండా ఉండేది చాలాసార్లు డెర్మాయిడ్. గర్భంలో ముఖం ఎముకలు అతుక్కునే చోట చిక్కుకుపోయిన చర్మం అది. లోపల జిడ్డు, ఒక్కోసారి వెంట్రుకలు. తిత్తి పగలకుండా మొత్తం తీసేస్తే పని అయిపోతుంది. పగిలితే చుట్టూ వాపే. అందుకే సూదితో పొడిపించి, వాత పెట్టించి తెస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముక్కు పక్క మూలలో ఉంటే మాత్రం స్కానింగ్ చూడకుండా కత్తి పట్టకూడదు. మెదడు పొర అక్కడికి జారి ఉండొచ్చు. ఏడ్చినప్పుడు ఉబ్బుతుందా అని తల్లిని అడిగితే సగం సంగతి తెలుస్తుంది.

గడివేముల మండలం నుంచే నాలుగు నెలల పాపను తెచ్చారు. పై రెప్ప మీద ఎర్రటి మెత్తని గడ్డ. పుట్టినప్పుడు లేదు, నెల లోపే చుక్కలా మొదలైంది. "దానంతట అదే పోతాదంట గదా సార్" అంది అవ్వ. ఆమె మాట నిజమే. రక్తనాళాల గడ్డ, హెమాంజియోమా, మొదటి నెలల్లో పెరిగి తర్వాత ఏళ్ల మీద కరుగుతుంది. కానీ ఆలోగా రెప్ప కంటిపాపను మూసినా, బరువుకు నల్లగుడ్డు వంపు మారినా మెదడు ఆ కంటిని వాడటం మానేస్తుంది. బాగున్న కంటిని అరచేత్తో మూశాను. పాప నా చెయ్యి తోసి ఏడ్చింది. రెండో కన్ను మూస్తే ఊరుకుంది. అవ్వ ఇంకేం మాట్లాడలేదు.

2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు గుండెజబ్బుకు ప్రోప్రనలాల్ అనే బీపీ మందు ఇచ్చిన బిడ్డలో ఇలాంటి గడ్డ కరగడం గమనించి లోకానికి చెప్పారు. అంతకుముందు ఎక్కువగా స్టెరాయిడ్లే దిక్కు. ఈ పాపకూ అదే ఇద్దామంటే, "బీపీ మందు పసిబిడ్డకా సార్?" అని తండ్రి భయపడ్డాడు. భయం న్యాయమైనదే. గుండె చూసి, బరువును బట్టి, పాలు పట్టాకే ఇవ్వాలి. బిడ్డ పాలు తాగని పూట ఆపాలి, లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఈ మందు మొదలుపెట్టడానికి పిల్లల డాక్టరూ పక్కన ఉండాలి కాబట్టి పెద్దాసుపత్రికి పంపాను.

మందుతో గడ్డ తగ్గింది. "ఇంకా మంచి కంటికి గంత ఎందుకు సార్?" అని అవ్వ మళ్లీ వచ్చింది. వెనకబడిన కంటికి పని నేర్పాలంటే మంచి కంటిని రోజూ కాసేపు మూయక తప్పదు. అద్దాలు కూడా కావాలి. ఈ భాగానికే ఎవరికీ ఓపిక ఉండదు. ఆపరేషన్ కన్నా ఇదే కష్టం.

అయితే గడ్డ రోజుల్లోనే పెరిగి కన్ను ముందుకు పొడుచుకొస్తుంటే, కంటిపాపలో తెల్లగా మెరుస్తుంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. కర్నూలు ప్రాంతీయ కంటి ఆస్పత్రికో, హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్‌కో వెళ్లండి. మామూలు గడ్డే అని ఎవరు చెప్పినా, ఇంటికి వెళ్లేముందు రెండు కళ్ల చూపునూ విడివిడిగా పరీక్ష చేయించండి.