వడపోసిన పొగ

పొగ తాగనివాళ్ళ లెక్కలో పొగరాయుళ్ళందరిదీ ఒకటే జాతి. లోపలికి వస్తే తెలుస్తుంది, ఇక్కడ ఎన్ని తెగలున్నాయో. చుట్టకు అలవాటుపడ్డ నోటికి బీడీ ఆనదు. బీడీ తాగే మనిషికి సిగరెట్టు చప్పగా ఉంటుంది. హైదరాబాదు వజీర్ సుల్తాన్ కంపెనీవారి చార్మినార్‌ను, ఫిల్టరు లేని రోజుల్లో, పెదవి చురుక్కుమనేదాకా కాల్చిన తరం ఒకటుంది. ఫిల్టరు సిగరెట్టు వాళ్ళకు పొగే కాదు. సత్యజిత్ రాయ్ సృష్టించిన డిటెక్టివు ఫెలూదా కూడా చార్మినార్ మనిషే. ఇక పైపు తాగేవాళ్ళు మనవైపు పిడికెడుమంది. ఆ పిడికెడులోనూ రెండు పక్షాలు. గొట్టంలో ఫిల్టరు పెట్టేవాళ్ళు, పెట్టనివాళ్ళు. నేను మొదటి పక్షం, మా బావ రెండో పక్షం. ముప్పై ఏళ్ళుగా మా వాదం తెగలేదు.

ముందు ఆ వస్తువేమిటో చెప్పాలి. పొగాకు కాలేటప్పుడు ఆవిరి పుడుతుంది. అది గొట్టంలో చల్లబడి నీరవుతుంది. ఆ నీటిలో పొగాకు జిడ్డు కలిసి పైపు గురగురమంటుంది. ఒక్కోసారి ఆ చేదు నాలుకకు తగిలి ముఖం చిట్లించాల్సి వస్తుంది. దీన్ని ఆపటానికి ఒక్కో దేశంవాళ్ళు ఒక్కో ఉపాయం పన్నారు. డబ్లిన్‌లోని పీటర్సన్ కంపెనీ 1890లో పేటెంటు తీసుకున్న పైపులో ఫిల్టరే లేదు. చెమ్మ దిగి నిలవటానికి లోపల చిన్న గుంట ఉంటుంది, అంతే. ఇటలీ సావినెల్లివాళ్ళు బాల్సా అనే తేలిక కర్రముక్కను గొట్టంలో పెడతారు. అది చెమ్మను పీల్చుకుంటుంది. జర్మనీవాళ్ళు 9 మిల్లీమీటర్ల లావున్న ఫిల్టరును ఇష్టపడతారు. దాని నిండా బొగ్గు పలుకులు. మన ఇళ్ళలో నీళ్ళ ఫిల్టర్లలో వాడే రకం బొగ్గే. నాకు ఇదే ఇష్టం. పొగ చల్లగా, పొడిగా వస్తుంది. నాలుక మండదు.

మా బావ ఒప్పుకోడు. "గొడుగేసుకొని వానలో తడుస్తానంటావు నువ్వు. తడవాలంటే గొడుగెందుకప్పా?" అంటాడు. ఆయన పద్ధతి వేరు. పొగాకును కాసేపు ఆరబెట్టాలి. గిన్నెలో గట్టిగా కూరకూడదు. ఆబగా లాగకూడదు. మధ్యమధ్య నూలు చుట్టిన తీగను గొట్టంలోకి పంపి తడి తీయాలి. ఇవన్నీ చేస్తే ఫిల్టరు అక్కర్లేదంటాడు. బొగ్గు చెమ్మతోబాటు రుచిని కూడా మింగేస్తుందన్నది ఆయన ముఖ్యమైన ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. ఎండుద్రాక్ష వాసన వేసే మంచి పొగాకు కూడా బొగ్గు దాటి వచ్చేసరికి సగం మూగబోతుంది. కానీ నాకు మూగదైనా ఫరవాలేదు, మంట వద్దు. రుచి దగ్గర ఎవరి నాలుక వాళ్ళకు పెద్ద.

ఫిల్టరు పైనుంచి దిగిన షోకు అని బావ ఎగతాళి. దీనికి మాత్రం నా దగ్గర జవాబుంది. మన హగరి ఒడ్డు పల్లెల్లో చిలుము తాగినవాళ్ళు ఏం చేసేవారు? మా తాతది మట్టి చిలుము, జానెడు ఉండేది. పైన వెడల్పు, కింద సన్నం. సన్నటి వైపు లోపల ఒక గులకరాయి. పొగాకు, నిప్పురవ్వలు నోట్లోకి జారకుండా ఆ రాయి అడ్డం. కింది కొసకు తడిగుడ్డ చుట్టి, రెండు చేతులా దొప్పలాగా పట్టుకుని పీల్చేవాడు. పొగ తడిగుడ్డలోంచి వచ్చేది. ఆ గుడ్డను ఉతికితే నీళ్ళు టీ డికాక్షను రంగులోకి మారేవి. రాయి, గుడ్డ రెండూ వడపోతలే. వాటికి పేటెంటు తీసుకున్నవాడు లేడు.

చిలుమంటే మన తెలుగులో రాగిచెంబుకు పట్టే పచ్చటి తుప్పు కూడా. ఇక్కడి కన్నడంలో చిలుమె అంటే నీటి ఊట. ఆ ఊటనే మనం చెలమ అంటాం. పొగ తాగే చిలుము పార్శీనుంచి వచ్చిన మాట, వీటితో దానికి చుట్టరికం లేదు. అయినా ఎండాకాలం హగరి ఇసుకలో చెలమ తవ్వి, ఇసుక వడగట్టి ఇచ్చిన నీళ్ళు తాగినవాడికి ఆ మాటలు పక్కపక్కన వినబడితే ముచ్చటేస్తుంది. రెండు భాషల మధ్య బతికేవాళ్ళకు ఇలాంటివి ఖర్చులేకుండా దొరుకుతాయి.

అసలు ఢిల్లీ, ఆగ్రాల కంటే మన దక్కనుకే పొగాకు ముందు పరిచయం. 1604 ప్రాంతంలో అక్బరు దూతగా బిజాపూరు వచ్చిన అసద్ బేగ్ ఇక్కడ పొగాకు చూసి, పొగగొట్టంతో సహా పట్టుకెళ్ళి పాదుషా ముందు పెట్టాడు. అక్బరు నాలుగు దమ్ములు లాగాడు. ఆస్థాన వైద్యుడు మన గ్రంథాల్లో లేని వస్తువు వద్దని వారించాడు. జహంగీరు 1617లో పొగాకును నిషేధించాడు. జనం మానలేదు. పొగను నీళ్ళలోంచి లాగే హుక్కా మాత్రం దర్బారులకెక్కింది. నీళ్ళలో మునిగొచ్చిన పొగ శుద్ధమైపోతుందని చాలామంది నమ్మకం. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం హుక్కాను నిషేధించేదాకా ఆ నమ్మకంతో కుర్రకారు హుక్కా బార్లకు వెళ్ళారు.

నమ్మకం వేరు, జరిగేది వేరు. వడపోత చెమ్మను ఆపుతుంది, జిడ్డును కొంత ఆపుతుంది. కార్బన్ మోనాక్సైడును బొగ్గూ ఆపదు, నీళ్ళూ ఆపవు, తడిగుడ్డా ఆపదు. అమెరికాలో 1952లో కెంట్ అనే సిగరెట్టు గొప్ప ఫిల్టరుతో వచ్చింది. 1956 దాకా ఆ ఫిల్టరులో ఉన్నది ఆస్‌బెస్టాస్. వడపోత కూడా ప్రమాదమైందక్కడ. ఘాటు తగ్గించిన సిగరెట్లు తాగేవాళ్ళు తమకు తెలియకుండానే ఇంకా గట్టిగా లాగి ఆ లోటు పూడ్చుకుంటారని 2001లో అమెరికా క్యాన్సర్ సంస్థ నివేదిక తేల్చింది. ఏ వడపోతా లేని పొగ ఎలాంటిదో తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా అడ్డపొగ చాలు. చుట్ట నిప్పుకొసను నోట్లోనే పెట్టుకుంటారు, ఎక్కువగా ఆడవాళ్ళు. అక్కడ 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, వాళ్ళ అంగిట్లో కనబడిన మచ్చల మీద రాసిన పరిశోధన 1971లో అచ్చయింది. ఫిల్టరు ఆ నిప్పుకొసకంటే మేలే. దానికదే క్షేమం మాత్రం కాదు.

ఈ లెక్కలన్నీ నేను, బావ పడమటింట్లో కూర్చుని చర్చించుకుంటుంటే ఒకరోజు నా భార్య కాఫీలు తెచ్చిపెట్టి, "మీరిద్దరూ ఏం తేల్చుకున్నా నాకొకటే. మీకు వడపోసిన పొగ, మాకు వడపోయని పొగ" అని వెళ్ళిపోయింది. మాకిద్దరికీ మాట పెగల్లేదు. ఫిల్టరు ఉండేది గిన్నెకూ నా నోటికీ మధ్యన. గిన్నె పైనుంచి లేచి గదిలో తిరిగే పొగకు ఏ అడ్డమూ లేదు. అది వంటింట్లోకి పోతుంది, తొట్టిలో నిద్రపోయే మనవరాలి దగ్గరికి పోతుంది. ఇతరులు తాగిన పొగ పీల్చి ప్రపంచంలో ఏటా పదిలక్షలమందికి పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న నిబంధన దేశమంతటా గట్టిగా అమల్లోకి వచ్చింది. బస్టాండులో మనల్ని ఆపే ఆ నిబంధన ఇంట్లోకి రాదు. ఇంట్లో ఇంటివాళ్ళే చెప్పాలి.

మా అవ్వ ఎప్పుడో చెప్పింది. చిలుము అరుగు మీదే, గడప దాటి లోపలికి రాకూడదన్నది ఆ ఇంటి కట్టడి. పురుటిగది ఉన్న రోజుల్లో అరుగు మీద కూడా కుదిరేది కాదు, తాత పశువుల కొట్టం దగ్గరికి పోవాల్సిందే. ఆమె కార్బన్ మోనాక్సైడు పేరు వినలేదు. పొగ ఎటు పోతుందో చూసింది.

ఇప్పుడు మాకు అరుగు లేదు, మిద్దె ఉంది. నా పైపు మిద్దె మీదే ఉంటుంది. పొద్దుగూకాక ఒక్కసారి ఎక్కుతాను. నా ఊపిరితిత్తుల లెక్క నాది, దాన్ని ఏ ఫిల్టరూ మాఫీ చేయదని తెలుసు. బావ వచ్చినా మిద్దె ఎక్కాల్సిందే. మోకాళ్ళ నొప్పులని మెట్టుమెట్టుకూ ఆగుతాడు, పైకొచ్చి మళ్ళీ గొడుగు సంగతి ఎత్తుతాడు. మా వాదం ఇంకా తెగలేదు. కింద ఇంట్లో మాత్రం కిటికీలు తెరిచే ఉన్నాయి.