వాడని తోరణం

మా ఇల్లు రెజిమెంటల్ బజార్‌లో ఓ సందులో ఉంది. సికిందరాబాదు స్టేషన్లో రైలు కూత వేస్తే మా వంటింట్లో వినిపిస్తుంది. ఈ ఊరు 1806లో పటాలాల కోసం వెలసింది. ఆ తెల్లదొరల పటాలాలు ఏనాడో వెళ్ళిపోయాయి గానీ, మా సందులో ఇళ్ళు మాత్రం ఇంకా భుజం భుజం ఆనించి కవాతుకు నిలబడ్డట్టే ఉంటాయి. అంచేత మా వాకిలికి దక్కే ఎండ రోజుకో గంట. అదీ ఎదురింటివాళ్ళు మూడో అంతస్తు వెయ్యకముందు మాట. ఇప్పుడు పావుగంట.

పావుగంట ఎండతో ఏ మొక్క బతుకుతుంది చెప్పండి? మందారం మొగ్గలు రాల్చేసుకుంది. మల్లెతీగ వెలుతురు కోసం మెడ చాచి చాచి అలిసిపోయింది. చివరికి అరుగు మీద ఖాళీ కుండీలు మిగిలాయి.

"అత్తయ్యా, ప్లాస్టిక్ మొక్కలు పెడదాం" అంది మా కోడలు.

"ఇంటిముందా!" అన్నాను.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. కాపురానికొచ్చిన కొత్తలో ఆర్గండీ గుడ్డతో, సన్నటి తీగతో గులాబీలు చేసి షోకేసు నింపినదాన్ని నేను. పెళ్ళిలో నుదుట కట్టుకున్న బాసికం మాత్రం? అదీ బెండుతో చేసిన అలంకారమే కదా! అయినా షోకేసు వేరు, వాకిలి వేరు అనిపించింది.

నా మాట సాగలేదు. వారం తిరిగేసరికి అరుగు మీద నారింజరంగు పూలు, గోడకి గడ్డి చాప, కిటికీకి ద్రాక్షగుత్తులు, గుమ్మానికి బంగారు పూసల మామిడాకుల తోరణం. మావారు ఆఫీసు నుంచొచ్చి చెప్పులు విప్పుతూ, "ఎవరి పెళ్ళి?" అన్నారు.

కోడలు చిన్నబుచ్చుకుంది గానీ, నేర్చుకుంది. నేనూ నేర్చుకున్నాను. మీకూ పనికొస్తుందేమోనని చెబుతున్నాను.

మన ఊళ్ళో పెరగని పూలు మన గుమ్మంలో పూస్తే ఎవరూ నమ్మరు. ఆకులు ఎక్కువ, పూలు తక్కువ ఉంటేనే కంటికి హాయి. నాలుగు నిజం మొక్కల మధ్య ఒకటి పెడితే కలిసిపోతుంది. అందుకే నీడలో బతికే మనీప్లాంటు ముందు పెట్టి, ప్లాస్టిక్‌ది వెనక్కి నెట్టాం. చేతికి అందేచోట కన్నా తలపైన వేలాడదీస్తే బాగుంటుంది. ఎండ తగిలేచోట అసలు వద్దు. రెండు వేసవులకే పచ్చరంగు వెలిసిపోయి, ఆకు పెళుసెక్కి ముక్కలై రాలుతుంది. ఆ ముక్కలు మట్టిలో కలవవు. వీధి దుమ్ముకి నెలకోసారి కుంకుడురసం నీళ్ళతో కడగాలి. అన్నిటికన్నా ముఖ్యం, కుండీలో వాననీళ్ళు నిలవకూడదు. వారం పదిరోజులు నిలిస్తే చాలు, డెంగీ దోమలు పుట్టుకొస్తాయి. మేం అడుగున చిల్లి పెట్టి, ఇసక నింపాం. తులసిని, మందారాన్ని ఎండ ఉన్న డాబా మీదికి చేర్చాం.

ఇంత చేశాక వాకిలి నిజంగానే కళకళలాడింది. ఓ రోజు పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "వదినగారూ, మీ కాగితప్పూల తీగ ఎంత బాగా పూసిందండీ! ఓ కొమ్మ ఇస్తే పాతుకుంటాను" అంది.

ఒక్క క్షణం నాకు లోపల గర్వం కలిగిన మాట నిజం. "ఇస్తాను గానీ, దానికి వేళ్ళు రావండీ" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. నేనేదో మోసం చేసినట్టు చూసింది. నవ్వేశాను గానీ, ఆ చూపు చాన్నాళ్ళు గుచ్చుకుంది.

మా అత్తగారికి మాత్రం తీగలతో పేచీ లేదు. ఆవిడ పేచీ అంతా తోరణంతోనే. అరుగు మీద కూర్చుని దాన్నే చూస్తుండేవారు.

"ఇది ఎప్పుడు వాడుతుందే?" అని ఓసారి కోడల్ని అడిగారు.

"వాడదు బామ్మగారూ. అదే దాని గొప్ప."

"మరి పండగైపోయిందని దానికెవరు చెబుతారు?"

అందరం నవ్వుకున్నాం. ఆవిడా నవ్వారు.

కిందటేడు కాదు, ఆ ముందేడు కార్తీకంలో, తెల్లవారుజామున అత్తగారు పోయారు. ఆ అరుగు మీదే పడుకోబెట్టాం. మా పెద్దాడపడుచు ఆటో దిగి, ఏడుస్తూ గుమ్మందాకా వచ్చి, తలెత్తి చూసి ఆగిపోయింది. పైన తోరణం పచ్చగా, బంగారు పూసలతో తళతళలాడుతోంది, పెళ్ళివారింట్లోలాగా.

"వదినా, ముందది తీయించు" అంది.

మావాడు దాన్ని మరలతో బిగించేశాడు. ఆ వేళప్పుడు స్క్రూడ్రైవరు ఎక్కడుందో ఎవరికి తెలుసు? కోడలు స్టూలెక్కి, కళ్ళనీళ్ళతో రెండు చేతులా పట్టి లాగింది. గోడ పెచ్చులు అత్తగారి పాదాల దగ్గర రాలాయి. ఏ ముహూర్తాన పెట్టామో గానీ, నాకప్పుడు తెలిసింది ఆవిడ ఏమడిగారో. మామిడాకులు పండగనాడు పచ్చగా ఉండి, తర్వాత ఎండి, అయిపోయిందమ్మా అని చెబుతాయి. దీనికి చెప్పడం రాదు.

ప్లాస్టిక్ మీద నాకు కోపమేం లేదు. గోడని తీగ కప్పాలి, కప్పుతోంది. మా చీకటి అరుగు మీద ఇంకేదీ బతకదు. కానీ గుమ్మానికి కట్టేదీ, దేవుడికి పెట్టేదీ, తలలో ముడిచేదీ వాడిపోయేవే అయివుండాలని మాత్రం ఇంట్లో అందరం అనుకున్నాం.

సంవత్సరీకాలు అయ్యాక వచ్చిన ఉగాదికి మావారు మోండా మార్కెట్ నుంచి మామిడాకులు తెచ్చారు. కోడలే గుచ్చింది. ఆ మరల చిల్లులు అలాగే ఉన్నాయి, వాటిపైనే రెండు చిన్న మేకులు కొట్టి కట్టింది. కొన్నాళ్ళకి ఆకులు ఎండి, గాలికి గలగలమన్నాయి.

"తీసెయ్యనా అత్తయ్యా?"

"ఇంకో రెండ్రోజులుండనీ."

పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది. "ఇదైనా అసలుదేనా వదినగారూ?" అంది.

ఓ ఎండుటాకు తుంపి ఆవిడ చేతిలో పెట్టాను.