నడిగడ్డ బిడ్డలకు లాడపు పీత

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమను నడిగడ్డ యందురు. ఇచ్చటి బిడ్డలకు నదులు తెలియును గాని సముద్రము తెలియదు. వనపర్తి, నాగర్‌కర్నూలు బిడ్డల మాటయు నంతియే. వీరికి సముద్రపు లాడపు పీతను పరిచయము చేయు టెట్లు? ఆలంపురమున మాకొక దారి కనబడినది.

తుంగభద్ర యొడ్డున బాదామి చాళుక్యులనాటి నవబ్రహ్మాలయము లున్నవి. గంగకు మకరమును, యమునకు తాబేలును వాహనములు గదా! ద్వారములకడ నా నదీదేవతలను చూపి, పిల్లలకు కూర్మావతార కథ చెప్పితిమి. “వీపున కవచము మోయు జీవి సముద్రమున నింకొకటి గలదు” అని పలకపై బొమ్మ గీచితిమి.

గీయుట సులభము. ముందు గుఱ్ఱపు లాడమువంటి పెద్ద చిప్ప. దానివెనుక అంచున ముండ్లుగల చిన్న చిప్ప. చివర సూదివంటి తోక. గద్వాల నూలుచీరకు పట్టంచు నతుకు నేర్పు చూచిన పిల్లలకు ఈ యతుకుల దేహము వెంటనే బోధపడినది.

పేరునకు పీతయే గాని, ఇది సాలీడునకును తేలునకును చుట్టము. తేలనగానే పిల్లలు జంకిరి. ఈ తోకలో విషము లేదనియు, అలలు వెల్లకిల పడవైచినప్పుడు తిరుగబడుటకు అది యూతకోల యనియు చెప్పగా భయము తీఱినది.

పిమ్మట కథ. ఒడిశాలోని బాలేశ్వరపు తీరమున, పోటువేళల ఆడుపీత మగదానిని వీపున నిడుకొని, ఇసుకలో గ్రుడ్లు పెట్ట వచ్చును. దీని వంశము సుమారు 45 కోట్ల యేండ్లనాటిది, రాకాసిబల్లులకంటె ప్రాచీనము. రక్తమున రాగి యుండుటచే గాలి సోకినంతనే నీలమగును. సూక్ష్మజీవుల విషము తగిలిన నది గడ్డకట్టును. కావుననే సూదిమందుల శుద్ధిని దీని రక్తముతో పరీక్షించుచు వచ్చిరి. మన బిడ్డల ప్రాణములు కాచిన యీ జీవి వలలలో చిక్కి, ఒడ్డున విసరివేయబడి చచ్చుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి రక్ష. కాని చట్టమెఱుగని చేతికి దయయైనను తెలియవలయును.

“వెల్లకిల పడినదానిని మేమేమి చేయవలె?” నని యొక చిన్నది యడిగినది. తోక పట్టి లాగరాదు. చిప్ప యంచులు పట్టి మెల్లగా త్రిప్పవలెను. బంకమట్టి పీతకు చీపురుపుల్ల తోక నమర్చి, పిల్లలందఱు నట్లే త్రిప్పి చూచిరి.

సోదరీమణులారా! ఇందులకు పలక, బలపము, గుప్పెడు మన్ను చాలును. ఈ యాట నేర్చిన బిడ్డ యొకనాడు సముద్రమునకు పోయినపుడు, వింతజీవిని చూచి రాయి వెదకక చేయి చాచును.