కొర్రబయలులో పసివాళ్ల చలికాలం

డిసెంబరు వచ్చిందంటే చాలు... శనివారం అర్ధరాత్రి దాటాక విశాఖలో కార్లు బయల్దేరతాయి. నర్సీపట్నం దాటి, ఘాట్‌రోడ్డు మలుపులెక్కి, తెల్లవారకముందే లంబసింగి చేరిపోవాలి. చెరువులవేనం కొండెక్కి కాళ్ల కింద పరుచుకున్న మబ్బుల్ని ఫొటో తీయాలి. పొగలు కక్కే టీ తాగాలి. ఎండెక్కేసరికి తాజంగి జలాశయం చూసేసి దిగిపోవాలి. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తునున్న ఈ ఊరు వచ్చేవాళ్లకి ఒక్క పూట ముచ్చట. ఉండేవాళ్లకి మాత్రం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అదే కాపురం. అందులోనూ ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉంటే ఆ నాలుగు నెలల లెక్కే వేరు!

ఊరికి మరో పేరు కొర్రబయలు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడట, అందుకే ఆ పేరు. చింతపల్లి మండలంలోని ఈ ఊరు ఒకప్పుడు విశాఖ జిల్లాలో ఉండేది. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి గిరిజనుల చేత చాలీచాలని కూలికి చేయించిన చాకిరీ కూడా 1922 నాటి మన్యం తిరుగుబాటుకి ఒక కారణం. ఇప్పుడు కార్లన్నీ ఆ దారినే కొండెక్కుతున్నాయని ఎందరికి గుర్తుంటుంది?

చుట్టూ కొండలు, నడుమ పల్లం. మబ్బులేని రాత్రి నేలలోని వేడంతా ఆకాశానికి పోతుంది. కొండవాలున చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలా జారి పల్లంలో నిలుస్తుంది. చింతపల్లిలో 5 డిగ్రీల దిగువకి పడిపోయిన రాత్రులు కొత్తేమీ కాదు.

పెద్దవాళ్లయితే వణికైనా వేడి పుట్టించుకుంటారు. పురిటిబిడ్డకి వణకడం కూడా సరిగా రాదు. ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా జారిపోతుంది. తలే పెద్దది, అక్కడి నుంచి పోయేదీ ఎక్కువే. ఈ శాస్త్రమంతా చదవకుండానే, "గుంటడి మాడుకి గాలి తగుల్తాది, గుడ్డ కట్టే!" అని కోడల్ని కేకలేసే అవ్వ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. స్నానం పొద్దున్నే ఉండదు. ఎండ నడినెత్తికొచ్చాక, గాలి తగలని గోడ వారన, నూనె రాసి, వేణ్నీళ్లు గబగబా పోసేసి తుడిచేస్తారు. తర్వాత అమ్మ ఒంటికి ఆనించి చీరచెంగుతో చుట్టేయడమే. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఇలా తల్లి గుండెకి ఆనించి ఉంచే పద్ధతినే వైద్యులు 'కంగారూ మదర్ కేర్' అంటారు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. కొండ మీద అమ్మలకి మాత్రం దీనికో పేరు పెట్టాలన్న ఆలోచనే రాలేదు.

ఇంట్లో అందరికంటే పెద్ద దిక్కు పొయ్యి. సాయంత్రం చీకటి పడేసరికి ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరిపోతారు. చోడి అంబలి ఉడికేది అక్కడే, పిల్లల బట్టలు ఆరేదీ అక్కడే. పైన కట్టిన మొక్కజొన్న పొత్తులకి పురుగు పట్టకుండా చూసేది ఆ పొగే. మందపాటి మట్టిగోడలు, గడ్డికప్పు ఉన్న పాత ఇళ్లలో ఆ వేడి చాలాసేపు నిలిచేది. సిమెంటు రేకుల ఇల్లు వానకి కారదు, పాములూ తేళ్లూ దూరవు. నిజమే. కానీ పొయ్యి ఆరిన గంటకే మంచుగడ్డ!

చిక్కల్లా ఇక్కడే. వేడి కావాలంటే తలుపు మూయాలి. తలుపు మూస్తే పొగ పోదు. పొయ్యి పొగ నిండిన ఇంట్లో పసివాళ్లకి నిమోనియా ముప్పు దాదాపు రెట్టింపని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 'పొయ్యికి దూరంగా పడుకోబెట్టండి' అని చెప్పడం తేలిక. ఎంత దూరం? రెండడుగులు జరిపితే పొగ తగ్గుతుంది, చలి పెరుగుతుంది. చాలా ఇళ్లలో బిడ్డ పక్క రాత్రికి రెండుమూడుసార్లు అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. గ్యాస్ సిలిండరు వచ్చినా వంటకే తప్ప వెచ్చదనానికి పనికిరాదు కదా.

దగ్గు మొదలైతే ఆశా కార్యకర్త వచ్చి చొక్కా పైకెత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెడుతుంది. రెండు నెలల్లోపు బిడ్డకి 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40... ఆ అంకె తాకినా, దాటినా ఆలస్యం చేయకూడదు. డొక్క లోపలికి లాక్కుపోతుంటే ఇక ఆసుపత్రికే. రోడ్డు పక్క ఊరికి అంబులెన్సు వస్తుంది. లోపలి గూడేలకి బైక్ అంబులెన్సులున్నా, దారి లేనిచోట నేటికీ డోలీయే గతి. మంచు కమ్మిన తెల్లవారుజామున పసిబిడ్డతో కొండ దిగడమంటే మాటలా? దగ్గుకి పిప్పలి, మిరియం అరగదీసి తేనెతో నాకించే అలవాటూ ఉంది. ఏడాది నిండనివాళ్లకి తేనె ముట్టించొద్దన్నది మాత్రం వైద్యుల గట్టి మాట.

ఇంతా చేసి, చలి ఉంది కదా అని ఇంటిపట్టున ఉందామంటే కుదరదు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ పళ్లు ఎరుపెక్కేది ఈ చలిలోనే. అన్నీ ఒకేసారి పండవు. పండినవి పండినట్టు ఏరాలి, వదిలేస్తే రాలిపోతాయి. ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులొచ్చే కాలం, బిడ్డకి అమ్మ ఒంటి వెచ్చదనం కావల్సిన కాలం రెండూ ఒక్కటే. పిల్లాడిని వీపున కట్టుకుని వెళితే మంచు కారే కొమ్మలు వాడి మీద కూడా దులుపుకుంటాయి. అందుకే కొందరు ఎండెక్కాకే తోటకెళతారు. ఆ మేరకు కూలి తగ్గుతుంది. మూడేళ్లవాడైతే అంగన్‌వాడీకి వెళతాడు. ఆరునెలల వాడిని ఎత్తుకోవడానికి అవ్వ ఉండాలి, లేదంటే ఎనిమిదేళ్ల అక్క ఆ రోజు బడి మానేయాలి. కాఫీ ధర ఎంత బాగున్నా ఆ పిల్ల హాజరుపట్టీలో పడే సున్నా ఏ లెక్కలోకీ రాదు.

రోడ్డు పక్క టీకొట్లు, బొంగులో చికెన్ బళ్లు పెట్టుకున్నవాళ్ల కథ ఇంకోలా ఉంటుంది. వాళ్ల పిల్లలు వేకువనే లేవాలి. నిద్ర తీరని పిల్లాడు మంకీక్యాప్‌లో మొహమంతా దాచుకుని నిప్పుల పక్కన కూర్చుంటాడు. పర్యాటకులకి ముద్దొస్తాడు, ఫొటో తీసుకుంటారు. ముక్కు కారుతున్న సంగతి ఫొటోలో పడుతుందో లేదో!

ఆ మంకీక్యాపులూ స్వెట్టర్లూ కొనేది సంతలో. బేరమాడేటప్పుడు అమ్మలు బిడ్డ ఒంటికి పెట్టి చూస్తారు. సరిపోయిందంటే పక్కన పడేస్తారు. చేతులు నాలుగు వేళ్లు వేలాడాలి, అంచు మోకాళ్ల దాకా రావాలి. ఈ ఏడు మడిచి తొడుగుతారు, వచ్చే ఏడు విప్పి తొడుగుతారు, ఆ పైయేడు చెల్లికి. మార్చిలో ఎండలు ముదిరాక ఉతికి పెట్టెలో పెట్టేటప్పుడు ఎంత ఉతికినా ఓ వాసన మాత్రం పోదు. పొయ్యి పొగది.