జాడీకి పథ్యం

మా పుట్టింట్లో ఆవకాయ పాడైతే ముద్దాయి వెంటనే దొరికేవాడు. మొదట నూనె గానుగవాడు. ఆ తరవాత కాయలు కొట్టినవాడు. వీళ్ళిద్దరూ తప్పించుకుంటే, ‘ముక్కలెంత బావున్నాయో’ అని మెచ్చుకుని వెళ్ళిన ఎదురింటి పిన్నిగారి కళ్ళు. మా నాయనమ్మ పేరు మాత్రం ఆ జాబితాలో ఎన్నడూ చేరలేదు. కలిపిన చెయ్యి ఆవిడదే అయినా!

అలాంటి వంశంలో పుట్టినదాన్ని నేను. ఇక 2023 వేసవి సంగతి వినండి.

పాతిక కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టించాను. మా అమ్మ నేర్పిన లెక్క తేలిక. ముక్కలు నాలుగు గిన్నెలైతే ఆవపిండి, కారం, ఉప్పు ఒక్కో గిన్నె. నూనె ముక్క మునిగేటంత. ఆ ఏడు మావారికి బీపీ అని డాక్టరు ఉప్పు తగ్గించమన్నారు. నేను ఉప్పు గిన్నెను అరగిన్నె చేశాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే వద్దంటారని. బీపీ ఉన్నాయన ఆవకాయ జోలికి పోకుండా ఉండాలి గానీ జాడీకి పథ్యం పెట్టడమేమిటని అప్పుడు తోచలేదు.

శ్రావణం వానల్లో వాసెన విప్పితే పైన తెల్లగా బూజు.

“తడి గరిటె ఎవరు పెట్టారు?” అన్నాను. అది ప్రశ్న కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. జాడీలోంచి ఊరగాయ తీసేది కోడలొక్కతే.

“తుడిచే పెడతాను అత్తయ్యా” అంది.

“తుడిచామనే అనుకుంటాం” అన్నాను.

అంతే, ఆ పిల్ల ఇంకేం మాట్లాడలేదు. మర్నాటి నుంచి కూరలో ఉప్పెంత వెయ్యాలో నన్ను పిలిచి అడగడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళుగా మాకు వండిపెడుతున్న పిల్ల! పాలు పొంగినా, పప్పు మాడినా ముందు నా మొహం వంక చూసేది. ఇంతకన్నా ఎదురు సమాధానం చెప్పినా బావుండుననిపించింది.

వారం తరవాత ఓ మధ్యాహ్నం, నిద్రపట్టక నాకు నేనే లెక్క చెప్పుకున్నాను. ఉప్పు రుచికే కాదు కదా. ముక్కలోని నీటిని బయటికి లాగి బూజు పట్టకుండా కాచేది అదే. పైన నిలిచే నూనె గాలి తగలనివ్వదు. కాపలావాణ్ణి సగం జీతానికి పెట్టి, దొంగతనం జరిగిందని కోడల్ని నిలదీశాను నేను. ఆ పిల్ల తడి గరిటె పెట్టిందా? పెట్టిందో లేదో నేను చూడలేదు. నా అరగిన్నె మాత్రం నేను చూశాను.

నింద నలుగురిలో వేశాను గనక, నలుగురూ భోజనాలకి కూర్చున్నప్పుడే చెప్పాను. “ఉప్పు సగమే వేశాను. తప్పు నాదే.”

“అయితే నా బీపీ వల్లన్నమాట” అన్నారు మావారు. ఎంత చక్కగా అందించారో చూశారా! ఒక్క క్షణం ఆశపడ్డాను కూడా.

“మీ బీపీ వచ్చి గిన్నె కొలవలేదు లెండి” అన్నాను. కోడలు తలెత్తలేదు గానీ, నా కంచంలో ఇంకాస్త పెరుగు వేసింది.

మరుసటి వేసవిలో కాయలు రాగానే, “ఈసారి నువ్వు కలుపమ్మా” అన్నాను.

“పాడైతే?”

“నిమ్మకాయతో సరిపెట్టుకుందాం.”

“అది కాదత్తయ్యా. పాడైతే ఎవర్నంటారు?”

సూటిగా అడిగేసరికి నాకు జవాబు రాలేదు. కాసేపాగి, “కాయలు నేనెంచాను. ముక్క మెత్తబడితే నన్నను. కొలత నీది. తప్పితే నిన్నంటాను. కానీ ఒక్కసారే” అన్నాను.

నవ్వేసింది. గిన్నెడు ఉప్పు నిండుగా కొలిచింది. నా వంక ఓసారి చూసి, భయమో ఏమో, ఇంకో గుప్పెడు పోసింది. నా నోరు ఊరుకోదని తెలుసు గనక, వాసెనగుడ్డ ఆరిందో లేదో చూసొస్తానని పెరట్లోకి వెళ్ళిపోయాను.

బూజు పట్టలేదు. కానీ ఉప్పు! మొదటి ముద్ద నోట్లో పెట్టగానే అబ్బాయి నా వంక చూశాడు. కోడలూ చూసింది. నేను ఇంకో గరిటెడు అన్నం వడ్డించుకుని కలుపుకున్నాను.