క్లిప్పులు తీశాక

మా గంజాం జిల్లా పొలసరలో పిల్లకి పళ్ళ క్లిప్పులు వేయించారంటే అది ఇంటిల్లిపాదికీ పనే. మా ఊరికి రైలు లేదు. కబిసూర్యనగర్, అసికా, హింజిలి మీదుగా బస్సెక్కి బరంపురం వెళ్ళాలి. నెలకోసారి వెళ్ళాలి, అదీ ఏడాదిన్నరో రెండేళ్ళో. పిల్ల బడి మానాలి, తోడుగా పెద్దవాళ్ళొకరు పని మానుకోవాలి. తీగ బిగించి వచ్చిన రెండు రోజులూ పప్పన్నం మెత్తగా పిసికి పెట్టాలి. అసికా చుట్టుపక్కలంతా చెరకు పండే నేల, అయినా పిల్ల చెరకు గడని పంటితో చీల్చకూడదు. జంతికలు కొరకకూడదు. ఇన్ని భరించాక ఒకరోజు డాక్టరు క్లిప్పులు తీసేస్తారు. పిల్ల అద్దంలో చూసుకుని నవ్వుతుంది, ఇంట్లో అందరికీ ప్రాణం లేచొస్తుంది. వైద్యం అయిపోయిందనుకుంటారు.

అయిపోలేదు. ఆ మాట గట్టిగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పన్ను వేరు దవడ ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. రెంటికీ నడుమ సన్నని నారల పొర ఒకటి ఉంటుంది, మందం మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుందేమో. తీగ పన్నుని నొక్కినప్పుడు ఒక పక్క ఎముక కరుగుతుంది, రెండో పక్క కొత్తగా పుడుతుంది. పన్ను కదిలేది అలాగే. క్లిప్పులు తీసేనాటికి పన్ను కొత్తచోటికి చేరుతుంది గానీ నారలు ఇంకా పాతచోటి వైపే లాగుతుంటాయి. వేరుకీ ఎముకకీ నడుమనున్న ఆ నారలు సర్దుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. చిగురులోని నారలకి ఇంకాస్త ఎక్కువ. పన్ను మెడ చుట్టూ ఉండే సాగే నారలున్నాయే, వాటికి ఏడాది దాకా పట్టొచ్చు. నార్వే దేశపు వైద్యుడు కారే రైటన్ దీన్ని ఓపిగ్గా పరిశీలించి చెప్పాడు. రాత్రంతా వేసిన జడని పొద్దున్న విప్పినా జుట్టు వంపు వదలదు చూడండి, మెలితిరిగిన పన్నుని తిన్నగా తిప్పాక చిగురు నారల తీరు అంతే. అందుకే అందరికంటే ముందు వెనక్కి తిరిగేది మెలితిరిగిన పన్నే.

మరి ఏడాది గడిస్తే బెంగ తీరిపోతుందా? అదీ లేదు. అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ అనే వైద్యుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు, క్లిప్పుల వైద్యం పూర్తయినవాళ్ళని ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చారు. కోరపన్ను వెనకుండే చిన్న దవడపళ్ళు తీయించుకుని మరీ వరస సరిచేయించుకున్నవాళ్ళు వీళ్ళు. క్లిప్పులు తీశాక వరస నిలవడానికిచ్చే ప్లేటు పెట్టుకోవడం మానేసి పదేళ్ళు దాటేసరికి, సుమారు మూడింట రెండొంతుల మందికి కింది ముందుపళ్ళు మళ్ళీ కిక్కిరిశాయి. 1988లో ప్రచురించిన పరిశీలన ఇంకా ముందుకెళ్ళింది. 20 ఏళ్ళు దాటాక, వరస పర్వాలేదనిపించేలా ఉన్నవాళ్ళు పది శాతమే. వాళ్ళ డాక్టర్లు పని తెలియనివాళ్ళు కారు. దవడ వయసుతో మారుతూనే ఉంటుంది, పళ్ళు మెల్లగా ముందుకి జరుగుతూనే ఉంటాయి. జన్మలో క్లిప్పు ఎరగనివాళ్ళకీ నలభై దాటాక కింది పళ్ళు ఒకదాని మీదికి ఒకటి రావడం మన ఇళ్ళలోనే చూస్తుంటాం.

చాలామంది ఆ నింద జ్ఞానదంతం మీద వేస్తారు. వెనకనుంచి అదే తోసేసిందంటారు. పరిశోధనలు ఆ మాటని నిలబెట్టలేదు. జ్ఞానదంతాలే పుట్టనివాళ్ళకీ ముందుపళ్ళు కిక్కిరుస్తాయి. ముందుపళ్ళ వరస కాపాడటానికని మాత్రమే ఆ దంతం పీకించుకోవాల్సిన పని లేదు.

కాపాడేది రిటైనరు. మా వైపు అందరూ ప్లేటు అనే అంటారు. పాతది, గట్టిది హాలీ ప్లేటు. అమెరికా వైద్యుడు చార్లెస్ హాలీ దీన్ని వివరించింది 1919లో. వందేళ్ళు దాటినా ఇంకా వాడుకలో ఉంది. మా మేనకోడలిది గులాబీ రంగు. అరచేతిలో పెట్టుకుని చూస్తే అంగిలి మీది గీతలతో సహా అచ్చు పడి ఉంటుంది, అంచున పళ్ళ వెనకభాగాలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. ముందుపళ్ళ మీదుగా ఒకే తీగ సాగి, కోరపళ్ళ దగ్గర రెండు వంపులు తిరుగుతుంది. ఆ వంపుల్ని డాక్టరు శ్రావణంతో కాస్త నొక్కితే తీగ బిగుస్తుంది. పెట్టుకున్న కొత్తలో మాట తడబడుతుంది, స, ష సరిగ్గా పలకవు. దానికి మందు బిగ్గరగా చదవడమే. మా పిల్ల తెలుగు పాఠమొకటి, ఒడియా పాఠమొకటి పైకి చదివేది. వారం తిరక్కుండా నాలుక దారికొచ్చింది.

రెండో రకం పల్చటి పారదర్శకపు తొడుగు. ప్లాస్టిక్ రేకుని వేడిచేసి పళ్ళ నమూనా మీదికి గాలిపీల్చే యంత్రంతో లాగి దీన్ని చేస్తారు. పెట్టుకున్నా ఎవరికీ కనబడదు. వేడితో రూపం వచ్చిన వస్తువు కాబట్టి వేడితోనే పోతుంది. శుభ్రంగా ఉంటుందని వేడినీళ్ళలో వేశారో, వంకర తిరిగి మళ్ళీ పళ్ళకి పట్టదు. హాలీ ప్లేటుకైనా ఇదే జాగ్రత్త. చన్నీళ్ళు, మెత్తని బ్రష్షు చాలు. మా గంజాం ఎండల్లో ఆపి ఉంచిన కారులోగానీ కిటికీ గట్టు మీదగానీ వదలకూడదు. పెట్టుకుని అన్నం తినకూడదు, టీ తాగకూడదు. పాన్, గుట్కా సంగతి వేరే చెప్పాలా?

తినేటప్పుడు తీయాలి గనకే ఇవి పోతాయి. విందులో తీసి విస్తరి పక్కన పెడతారు, విస్తరితో పాటే వెళ్ళిపోతుంది. హాస్టలు మెస్సులో కాగితంలో చుట్టి పెడతారు, బల్ల తుడిచేవాళ్ళు చెత్త అనుకుంటారు. కుక్క ఉన్న ఇల్లయితే అది నమిలేస్తుంది. నోట్లో లేనప్పుడు డబ్బాలోనే ఉండాలి, మూడోచోటు లేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది పెళ్ళి తర్వాతి సంగతి. ఆడపిల్లకి సంబంధాలు చూసే రోజులు దగ్గరపడుతున్నాయనే చాలా ఇళ్ళలో క్లిప్పులు వేయిస్తారు. ఆ ఉద్దేశం గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది, అది పక్కన పెడతాను. పెళ్ళయి అత్తారింటికి వెళ్ళిన పిల్ల రాత్రిపూట నోట్లో ప్లేటు పెట్టుకోవడానికి సిగ్గుపడుతుంది. ఏమనుకుంటారో, లోపం దాచి పెళ్ళి చేశారంటారేమో అని పెట్టె అడుగున దాచేస్తుంది. కొన్ని నెలలకి పుట్టింటికొచ్చి, "అమ్మా, ఇది పట్టడం లేదు" అంటుంది. రెండేళ్ళ బస్సు ప్రయాణాలు, తండ్రి కూడబెట్టిన డబ్బు, పిల్ల ఓర్చుకున్న నొప్పి, అన్నీ ఆ సిగ్గు కింద నలిగిపోతాయి. తప్పు పిల్లది కాదు. సంబంధం ఖాయమైనప్పుడే తల్లి నోరు విప్పి వియ్యపురాలికి చెప్పాలి. పట్టుచీరలతో పాటు ఆ డబ్బా కూడా అందరూ చూస్తుండగానే సర్దాలి.

ఎన్నాళ్ళు పెట్టుకోవాలి? డాక్టరుని బట్టి కొంత తేడా ఉన్నా, సాధారణంగా మొదటి కొన్ని నెలలు తిండివేళ తప్ప రోజంతా, ఆ తర్వాత రాత్రిళ్ళు. రాత్రిళ్ళు ఎన్నాళ్ళంటే, వరస నిలవాలనుకున్నన్నాళ్ళు. ఒకటి రెండు రోజులు మానేసి పెట్టుకున్నప్పుడు బిగుతుగా అనిపిస్తే పళ్ళు కదలడం మొదలైందన్నమాట. వెంటనే మళ్ళీ క్రమంగా పెట్టుకోవాలి. అసలు లోపలికే దిగకపోతే బలవంతంగా నొక్కకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మొదట్లోనే వెళ్తే చిన్న పనితో తేలుతుంది.

కొందరికి కింది ముందుపళ్ళ వెనక, ఒక కోరపన్ను నుంచి రెండో కోరపన్ను దాకా సన్నని తీగ అతికిస్తారు. పెట్టడం, తీయడం లేదు గనక మరిచిపోతారు. అదే చిక్కు. నాలుక కింద లాలాజలం ఊరే రంధ్రాలు ఆ పళ్ళ వెనకే తెరుచుకుంటాయి, నోట్లో గార తొందరగా పేరుకునేది అక్కడే. తీగ సందుల్లో చిన్న బ్రష్షు తిప్పకపోతే చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది. ఇంకొకటి. అతుకు ఒక్క పన్ను దగ్గర ఊడినా నొప్పి ఉండదు, తీగ మిగతా పళ్ళని పట్టుకునే ఉంటుంది, ఊడిన పన్ను మాత్రం తన దారిన జరిగిపోతుంది. రోజూ పళ్ళు తోమాక నాలుకతో తీగ వెంట ఒకసారి తడిమి చూసుకోవాలి.

క్లిప్పులు తీసిన రోజున డాక్టరుని అడిగి, పళ్ళ సుద్ద నమూనా ఇంటికి తెచ్చుకోండి. పిల్ల చదువుకని విశాఖో బెంగళూరో వెళ్ళి అక్కడ ప్లేటు పోగొట్టుకుంటే, పళ్ళు ఇంకా కదలకపోతే, ఆ నమూనా మీదే కొత్తది చేయించవచ్చు. మేము బీరువాలో, పాత తువ్వాలులో చుట్టి, మీద తేదీ రాసి పెట్టాం.